మేడమ్ నర్సు కాని రోజు

మేడమ్ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను వరండాలో ఒక పెద్దాయన కాలిగోళ్లు కత్తిరిస్తున్నాను. బెంగళూరు నుంచి ఎవరో అమ్మాయి, ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లే అయివుంటుంది, "మా ప్రొఫెసర్ మేడమ్ నిన్న సాయంత్రం" అని అక్కడే ఆగిపోయింది. ఆసుపత్రిలోనా, ఇంట్లోనా అని అడిగాను. ఇంట్లోనేనట, కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూనట. ఫోన్ పక్కన పెట్టి మిగిలిన గోళ్లు కూడా కత్తిరించాను. చేతిలో పని సగంలో వదిలేయడం ఆవిడకు గిట్టదు. ఏడుపు తర్వాత వంటింట్లో వచ్చింది, వచ్చిందేదో గట్టిగానే వచ్చింది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. మా గురించి ఆవిడ ఎన్నో వ్యాసాలు రాశారు, విదేశాల పత్రికల్లో కూడా వేశారట. ఒక్కదానిలోనూ మా పేర్లు గాని, మా ఊరి పేరు గాని రానివ్వలేదు. పేరు రాస్తే మనిషి దాక్కుంటాడు అనేవారు. ఆ మర్యాద నేనూ పాటించాలి కదా.

మాది బేతమంగళ రోడ్డులో ఒక వృద్ధాశ్రమం. ఎప్పుడో ఒక దొర కాపురమున్న బంగళా. బంగారు గనులు మూతపడి, కంపెనీ వాళ్లు వెళ్లిపోయాక కొన్నాళ్లు పావురాలు కాపురమున్నాయి. తర్వాత ఒక ట్రస్టు వాళ్లు బాగుచేయించి మంచాలు వేశారు. ఇక్కడ ఉండేవాళ్లలో ఎక్కువమంది మైన్స్‌లో పనిచేసిన మగవాళ్లు, లేదంటే వాళ్లు పోయాక మిగిలిన ఆడవాళ్లు. డాక్టరు గారు కోలారు నుంచి వారానికోసారి వచ్చి చూసి వెళతారు. తక్కిన రోజుల్లో నర్సుగా చార్జి నాది. జ్వరం వస్తే మాత్ర ఇచ్చి చూడాలా, డాక్టరుకు ఫోన్ చేయాలా, బండి పిలిచి ఆసుపత్రికి పంపాలా అనేది నా నెత్తిన ఉంటుంది. మేడమ్ బెంగళూరులో నర్సింగ్ కాలేజీ ప్రొఫెసరు, తనూ నర్సే. తన ఉద్యోగమంతా చదివింది సరిగ్గా దీన్నే.

ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు ఎవరో తనిఖీ ఆఫీసరమ్మ అనుకుని మా వంటామె పప్పులో నెయ్యి పోసింది. ఆవిడ ఆ గిన్నె పక్కకు నెట్టి, అందరికీ పెట్టే రాగిసంగటి, ఆకుకూర పులుసు తెమ్మన్నారు. తింటూ తన పరిశోధన ఏమిటో వంటామెకు చెప్పారు. ఈ ముసలాయనకు ఈరోజు ఏదో తేడాగా ఉంది, డాక్టర్ని పిలుద్దాం అని నర్సుకు లోపల అనిపిస్తుంది కదా, ఆ అనిపించడం ఎలా జరుగుతుందో కనుక్కోవడమే తన పని అన్నారు. వంటామె చాలాసేపు ఆలోచించి, అనుకోవడానికి కూడా కాలేజీలో జీతమిస్తారా అని అడిగింది. మేడమ్ పులుసు అంటిన చేతిని అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఏ సభలో మాట్లాడినా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టేవారట, అడిగింది ఎవరో చెప్పకుండా.

ఆవిడ 'ఎందుకు' అని ఎప్పుడూ అడగరు. ఎందుకు చేశావంటే మనిషి కథ అల్లుతాడు, ఏం చూశావంటే చూసింది చెబుతాడు అని ఆవిడ నమ్మకం. నేను ఎవరినైనా ఆసుపత్రికి పంపానని తెలిస్తే, తర్వాతి శనివారం వచ్చి, ఎత్తు తక్కువ పీట ఒకటి మంచం పక్కన వేసుకుని, "మొదట ఏం చూసినావు?" అని మొదలుపెడతారు. ఆమె రోజూ తెల్లారగానే దుప్పటి మడత పెట్టేస్తుంది, ఆరోజు పెట్టలేదు మేడమ్ అంటాను. ఆ తర్వాత ఏం చూశావు? ఆ తర్వాత? ఒకసారి నాకు విసుగొచ్చి, మీకు చెబుతూ కూర్చుంటే బతికున్నవాళ్లకు పుండ్లు పడతాయి అనేశాను. ఆవిడ లేచి, చేతులు కడుక్కుని వచ్చి, దుప్పటికి అవతలి కొసలు పట్టుకున్నారు. ఇద్దరం కలిసి హాలంతా పక్కలు మార్చాం. అడగడం మాత్రం మానలేదు.

ఆ పీట కూడా ఒక పట్టుదలే. నిలబడి మాట్లాడే నర్సుకు మంచంలో ఉన్న మనిషి నిజం చెప్పడని ఆవిడ అనేవారు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక కూడా కుర్చీ వద్దని ఆ పీట మీదే కూర్చుని, లేవడానికి మంచంలో ఉన్న ముసలమ్మనే చెయ్యి అందివ్వమని అడిగేవారు. ముసలమ్మలకు అది పండగ. ప్రొఫెసరమ్మను మేం లేపినాం అని వారమంతా చెప్పుకునేవాళ్లు.

నేను బెంగళూరులో ఒక చిన్న కోర్సు చేసిన రోజుల్లో మారికుప్పం రైలుబండిలో ఆవిడతో కలిసి ప్రయాణం చేశాను. తిరుగు ప్రయాణంలో ఆడవాళ్ల పెట్టెలో అందరి ఒళ్లోనూ ఆకుకూర కట్టలే. మేడమ్ ఒక మోకాలి మీద విద్యార్థిని రాసిన కాగితాలు, ఇంకో మోకాలి మీద తోటకూర పెట్టుకుని, చూపు కాగితాల మీద, చెయ్యి ఆకుల మీద నడిపించేవారు. పక్కనున్నవాళ్లు షుగరు రిపోర్టులు తీసి చూపించేవాళ్లు. నేను డాక్టర్ని కాదు తల్లీ అని తిప్పి ఇచ్చేసేవారు. కానీ ఇంటికెళ్లి ఏం తింటావు, కాలికి తిమ్మిరి ఎక్కడి దాకా వస్తోంది అని మాటల్లో పెట్టి అన్నీ అడిగి, ఫలానా రోజు ఫలానా చోట చూపించుకో అని చెప్పి పంపేవారు. తోటకూరలో పురుగు పట్టిన ఆకు ఒక్కటి మిగిలేది కాదు, కాగితాల్లో తప్పు ఒక్కటి మిగిలేది కాదు.

ఆవిడ చూపు ఎలాంటిదో నాకు పూర్తిగా తెలిసింది ఆయాసం సంగతితో. మా దగ్గర ప్రతి మనిషికీ ఒక షీటు ఉంటుంది, అందులో 'ఆయాసం ఉందా' అని ఒక గడి ఉండేది. ఒకరోజు ఆవిడ షీట్లు తిరగేసి, మైన్స్‌లో చేసిన మగవాళ్లందరికీ 'లేదు' అని ఉండటం చూశారు. అవతల హాల్లో వాళ్ల దగ్గు గేటు దాకా వినిపిస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. అడిగే రాశాను, వాళ్లే లేదన్నారు అన్నాను. ఆవిడ కోప్పడలేదు. నువ్వు తప్పు రాయలేదు, వాళ్లు అబద్ధం చెప్పనూ లేదు అని, చిన్నప్పుడు కంపెనీ క్వార్టర్స్‌లో చూసింది చెప్పారు. లోపలికి దిగే మనుషులను కంపెనీ డాక్టరు అప్పుడప్పుడూ పరీక్ష చేసేవాడు. దమ్ము వస్తోందని ఒప్పుకుంటే గని లోపలి నుంచి తీసి పైపనికి వేసేస్తారు. కూలి తగ్గుతుంది, గ్యాంగు పోతుంది, సాయంత్రం నలుగురిలో తలెత్తుకోవడం పోతుంది. అందుకని తెల్లకోటు ఏదడిగినా 'ఏమీ లేదు, బాగుండాను' అనడం అలవాటు చేసుకున్నారు. గనులు మూసి ఇన్నేళ్లయినా తెల్లకోటు కనబడితే వాళ్ల నోటికి వచ్చేది అదే మాట.

మరి ఎలా అడగాలి అన్నాను. ఆవిడ ఒక తాతను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, "తినేదానికి పోతావు కదా తాతా, దావలో యాడ నిలుచుకుంటావు?" అని అడిగారు. "ఆ కిటికీ కాడ నిలుచుకుంటానమ్మా, సైనైడ్ దిబ్బ బాగా కనిపిస్తాది" అన్నాడాయన ఎంతో సంతోషంగా, గనిలోంచి వచ్చిన మట్టి పోసిన గుట్టను చూపిస్తూ. ఇంకొకాయనకు తులసికోట దగ్గర దండం పెట్టుకోవడం అలవాటు. ఇంకొకాయనకు స్తంభం దగ్గర చెప్పు సవరించుకోవడం అలవాటు. దమ్ము ఒక్కరికీ లేదు, దారిలో ఆగడానికి మాత్రం ఒక్కొక్కరికీ ఒక పని ఉంది. ఆరోజు నుంచి ఆ గడిలో ఎక్కడ ఆగుతారో రాయడం మొదలుపెట్టాం. ఆగే చోటు మంచానికి దగ్గరవుతూ వస్తే డాక్టరుకు ఫోన్ చేస్తాం.

మేడమ్ వాళ్ల నాన్నగారు కూడా ఆ బాపతే. షిఫ్టు లెక్కలు రాసే గుమాస్తా, కానీ లోపలికి దిగి రాసే గుమాస్తా కాబట్టి దుమ్ములో ఆయన వాటా ఆయనకూ దక్కింది. తల్లి పోయింది, మేడమ్ పెళ్లి చేసుకోలేదు. చీకటితో బండెక్కితే దీపాలు పెట్టాక ఇల్లు చేరే ఉద్యోగం. రోజంతా గోడలతో మాట్లాడలేక ఆయనే, ఆ ఆశ్రమంలో నా షిఫ్టు వాళ్లు ఉన్నారు, నన్నక్కడ చేర్పించు అని పట్టుబట్టాడు. ఊరికి ఇది చాలదూ. ముసలివాళ్ల మీద చదివి నాయన్ని ఆశ్రమంలో పడేసిందని బండిలో వెనకాల గుసగుసలు. మేడమ్ వెనక్కి తిరిగి, వచ్చి చూడండి, నచ్చితే మీకూ ఒక మంచం చెప్పిపెడతాను అనేవారు, నవ్వుతూనే.

ఆయన మాత్రం ఇక్కడ దర్జాగా ఉన్నాడు. రోజూ ఇస్త్రీ చొక్కా. భోజనానికి గంట కొట్టగానే తినే గది వాకిట్లో నిలబడి హాజరు పిలిచేవాడు. రానివాళ్ల పేరు నాకు చెప్పి, కనుక్కో అని ఆర్డరు వేసేవాడు. కూతుర్ని ఆయన ఒక్కటే అడిగాడు, అదీ నా ఎదుటే. "నన్ను బెంగళూరు ఆసుపత్రికి మాత్రం తీసకపోవద్దు. ఆ గాజు గదిలో పైపులేసుకోని పోయేది నాకొద్దు" అన్నాడు. సరే నాయనా అని మేడమ్ ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చారు.

ఒక ఆదివారం పొద్దున ఆయన చొక్కా వేసుకోలేదు. గది గుమ్మం పట్టుకుని నిలబడి, వరండా కడిగినారు, ఆరనీ అన్నాడు. వరండా ఎప్పుడో ఆరిపోయింది. ఒళ్లు కాలిపోతోంది, పెదవుల రంగు మారింది, రెండు మాటలకోసారి ఆగుతున్నాడు. డాక్టరు గారు ముళబాగిలులో ఏదో పెళ్లిలో ఉన్నారు. ఫోన్లో అంతా విని, ఊపిరితిత్తులకు పట్టినట్టుంది, మీ దగ్గరున్న మందులతో ఆగవచ్చు, ఆగకపోవచ్చు, బెంగళూరులో అయితే నయం కావడానికి అవకాశం ఎక్కువ, మనిషి మీ ఎదురుగా ఉన్నాడు కాబట్టి మీరే చెప్పండి అన్నారు.

నేను పెద్దాయన పక్కన కూర్చుని, ఆసుపత్రికి పోదామా అని అడిగాను.

"నాకేమి, బాగుండాను" అన్నాడు. కాస్త ఆగి, "వద్దు" అన్నాడు.

ముడి అక్కడ పడింది. ఆ వద్దన్నది, బాగా ఆలోచించి కూతురి దగ్గర మాట తీసుకున్న మనిషా, తెల్లకోటును చూసి పైపనికి వేస్తారేమోనని భయపడే గుమాస్తానా? మొదటిదైతే ఆయన్ని ఇక్కడే ఉంచి, కష్టం లేకుండా చూసుకోవాలి. రెండోదైతే, నయమయ్యే జబ్బుకు మనిషిని చేజేతులా వదిలేసినట్టు. ఊపిరందని మనిషిని కూర్చోబెట్టి అడిగి తేల్చుకునే వ్యవధి లేదు.

మేడమ్ అప్పటికే వచ్చి ఉన్నారు. మంచానికి అటు పక్క నిలబడి ఉన్నారు, పీట వేసుకోలేదు.

"మీరు చెప్పండి మేడమ్" అన్నాను.

"నేను చెప్పకూడదమ్మా."

"ఇంగెవరు చెప్తారు? ఈ చదువంతా చదివింది మీరు."

"ఈ పొద్దు నేను నర్సును కాదు, కూతుర్ని. కూతురి కండ్లు ఉండేది చూడవు, తనకు కావాల్సింది చూస్తాయి. చార్జి నీది. నువ్వేం చెప్తే అది."

నాకు ఒళ్లు మండింది. దేశాలు తిరిగి నిర్ణయాల గురించి చెప్పే మనిషి, సొంత తండ్రి ప్రాణం తెచ్చి నా ఒళ్లో వేసి చేతులు కట్టుకుని నిలబడింది అనుకున్నాను. కోపంలోనే ఆయన్ని మళ్లీ చూశాను. మొన్నటి దాకా హాజరు పిలిచిన మనిషి. బంగారుపేట నుంచి కొత్త కళ్లజోడు తెప్పించమని నాలుగు రోజులుగా నా ప్రాణం తీస్తున్న మనిషి. కొత్త కళ్లజోడు అడిగేవాడు పోవడానికి సిద్ధంగా లేడు. ఈ వద్దు తెల్లకోటుకు చెప్పిన వద్దు అనే నాకు తోచింది.

పంపిద్దాం మేడమ్ అన్నాను. ఆవిడ సరే అన్నారు. ముఖంలో ఏమీ కనబడలేదు. లోపలికి వెళ్లి తువ్వాలు, కట్టుడు పళ్ల డబ్బా, ఇస్త్రీ చొక్కా ఒకటి సంచిలో సర్దారు. బండిలో ఎక్కించేటప్పుడు పెద్దాయన నా వైపు చూశాడు.

కొద్ది రోజులకు ఆయన బెంగళూరులోనే పోయాడు. గాజు గదిలో, పైపులతో.

కర్మ రోజున, వేరే ఊళ్లో ఉండే మేడమ్ తమ్ముడు అందరిలో, వద్దన్న మనిషిని పంపించింది ఎవరు అని గట్టిగా అడిగాడు. నేను తల వంచుకున్నాను. చార్జిలో ఉండే నర్సు పంపింది, నేను ఒప్పుకున్నాను అని మేడమ్ వడ్డన పనిలో పడిపోయారు. మళ్లీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

తర్వాత ఆవిడ ఎప్పటిలాగే శనివారాలు వచ్చేవారు. వేరేవాళ్ల మంచాల పక్కన పీట వేసుకునేవారు, వేరేవాళ్ల గురించి అడిగేవారు. నాన్నగారి గురించి మాత్రం అడగలేదు. ప్రతి దుప్పటి మడతకూ లెక్క అడిగిన మనిషి, ఆ ఒక్కరోజు గురించి నోరు విప్పకపోతే నేనేమనుకోవాలి? నన్ను తప్పుపట్టలేక, క్షమించలేక తిరుగుతున్నారు అనుకున్నాను. జ్వరం వచ్చిన ప్రతి మనిషికీ థర్మామీటరు రెండుసార్లు పెట్టి చూసేదాన్ని. ఉంచితే భయం, పంపితే భయం. ఈ పని మానేసి మా ఊళ్లో ఆవులు చూసుకుంటాను అని చివరికి ఒకరోజు ఆవిడతోనే చెప్పేశాను. ఆవిడ, వచ్చే శుక్రవారం మా కాలేజీకి రా, ఆ తర్వాత మానేద్దువులే అన్నారు.

వెళ్లి హాలులో చివరి వరసలో కూర్చున్నాను. ఆవిడ నర్సింగ్ పిల్లలకు ఒక పెద్దాయన కథ చెప్పారు. గుమాస్తా, ఇస్త్రీ చొక్కా, ఆరిపోయిన వరండా, మాటిచ్చిన కూతురు, వద్దన్న మాట, పంపిన నర్సు, గాజు గది. ఎవరి పేరూ లేదు. ఆ కూతురు ఎవరో అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక పిల్ల లేచి, అయితే ఆ నర్సు చేసింది తప్పు కదా మేడమ్ అంది. ఆవిడ ఇంగ్లీషులో జవాబిచ్చారు గాని, నాకది తెలుగులోనే గుర్తుంది.

"తప్పు కాదు. ఆ పొద్దు ఆ నర్సు ముందర ఉండిన దానికి అది సరైన నిర్ణయం. ఆ పెద్దాయన వద్దన్న చోటనే పోయినాడు. రెండూ నిజమే. ఒకదాన్ని నిలబెట్టేదానికి ఇంకోదాన్ని అబద్ధం చేయొద్దండి."

ఆ మాట విన్నాక నాకు ప్రాణం లేచివచ్చింది. సాయంత్రం స్టేషన్లో బండి కోసం నిలబడినప్పుడు ఆ ధైర్యంతోనే అడిగాను, నర్సుగా మీరే ఉండుంటే ఏం చేసేవారని.

"పంపించి ఉండను" అన్నారు.

ఆవిడ పట్టాల వైపు చూస్తూ చెప్పారు. "ఆ మాట నోటిదాకా వచ్చింది. నేను అనింటే నువ్వు ఆపేసి ఉందువు. అది నర్సు మాటో, ఇచ్చిన మాట తప్పలేని కూతురి మాటో నాకే తెలీలేదు. ఇప్పటికీ తెలీదు. నాకే తెలీనిదాన్ని నీ మీద పెట్టేదెట్ల? అందుకే నోరు మూసుకున్నాను."

బండి వచ్చింది. జనాన్ని తోసుకుని ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆవిడ లోపలికి వచ్చేసరికి నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. నా మీద కోపం లేదా మేడమ్ అని అడిగాను.

"ఉండాది" అన్నారు. "అది కూతురిది. మెల్లగా పోతాది. నువ్వు కొంచెం జరుగు, నన్ను కూర్చోనీ."

జరిగాను. బంగారుపేట వచ్చేదాకా ఆవిడ నా భుజానికి ఆనుకుని నిద్రపోయారు.